మందు కొనేదెవరు? మంచిదో కాదో చూసేదెవరు?

సిజేరియన్ అయిన తల్లి మంచం పక్కన స్టాండుకు సెలైన్ సీసా వేలాడుతూ ఉంటుంది. చుక్క చుక్కగా దిగే ఆ ద్రవాన్ని ఇంటివాళ్లు గంటల తరబడి చూస్తూ కూర్చుంటారు. అయిపోవస్తే నర్సును పిలుస్తారు. గొట్టంలో గాలి బుడగ కనిపిస్తే కంగారు పడతారు. ఆ సీసాను ఎవరు కొన్నారు, వార్డులోకి రాకముందు దాన్ని ఎవరైనా పరీక్షించారా అని మాత్రం అడగరు. అడగాలని తోచదు కూడా. డాక్టరు రాశారు, నర్సు పెట్టింది... అక్కడితో మన నమ్మకం పూర్తవుతుంది.

ఆ నమ్మకం ఎక్కడ తెగిపోతుందో 2024 నవంబరులో బళ్లారి చూపించింది.

బళ్లారిలో ఏం జరిగింది?

అనంతపురం, కర్నూలు జిల్లాల సరిహద్దు ఊళ్లవారికి బళ్లారి ఆసుపత్రులు కొత్త కాదు. అక్కడి ప్రభుత్వ ఆసుపత్రిలో నవంబరు 9 నుంచి 11 వరకు మూడు రోజుల్లో 34 సిజేరియన్లు జరిగాయి. వారిలో ఏడుగురు తల్లులకు ఆపరేషన్ తర్వాత కిడ్నీలు దెబ్బతిన్నాయి, ఇతర అవయవాలూ కుదేలయ్యాయి. ఏడుగురిలో ఐదుగురు చనిపోయారు. అనుమానం వారికి ఎక్కించిన రింగర్ లాక్టేట్ ద్రవంపై పడింది. ఉప్పు, పొటాషియం, కాల్షియం, లాక్టేట్ కలిసిన ఈ ద్రవాన్ని ఆపరేషన్లలో, రక్తస్రావంలో, విరేచనాలతో ఒళ్లు ఎండిపోయినప్పుడు ఎక్కిస్తారు. ఏ ఆసుపత్రిలోనైనా రోజూ వాడే, ఎవరూ పెద్దగా పట్టించుకోని సరుకు ఇది.

దాన్ని కొన్నది ఆసుపత్రి కాదు. రాష్ట్రమంతటికీ మందులు కొనే కర్ణాటక వైద్య సరఫరాల సంస్థ కొంది. పశ్చిమ బెంగాల్‌లోని ఒక కంపెనీ తయారు చేసింది. అసలు విషయం ఏమిటంటే, ఈ కంపెనీ ద్రవంపై అనుమానం బళ్లారి మరణాలకు కొన్ని నెలల ముందే వచ్చింది. రాష్ట్ర ప్రయోగశాల కొన్ని బ్యాచ్‌లు నాసిరకమని తేల్చింది. వాడకం ఆపారు. కంపెనీ ఆ నివేదికలను సవాలు చేసింది. కేంద్ర ప్రయోగశాల వాటిలో కొన్ని బ్యాచ్‌లు ప్రమాణాలకు తగ్గట్టే ఉన్నాయని చెప్పింది. ఆ తర్వాత ఆపిన స్టాకులో కొంత భాగం మళ్లీ ఆసుపత్రులకు వెళ్లింది. తల్లులు చనిపోయాక రాష్ట్ర ఔషధ నియంత్రణాధికారిని సస్పెండ్ చేశారు, ఆ ద్రవం వాడకాన్ని నిలిపేశారు. 2025 జనవరిలో బెంగాల్‌లోని మేదినీపూర్ వైద్య కళాశాల ఆసుపత్రిలోనూ ప్రసవం తర్వాత ఒక తల్లి మరణించింది, మరికొందరి పరిస్థితి విషమించింది. అక్కడా అదే కంపెనీ ద్రవంపైనే అనుమానాలు వచ్చాయి.

ఇలాంటి వార్త వచ్చినప్పుడు మనం డాక్టరు నిర్లక్ష్యమా, కంపెనీ మోసమా అని రెండు వైపులే చూస్తాం. ఆ రెండింటికీ మధ్య ఉన్న పెద్ద వ్యవస్థ మన కంటికి ఆనదు. అదే కొనుగోలు. ఏం కావాలో రాసేవారు, ఎవరి దగ్గర కొనాలో తేల్చేవారు, వచ్చిన సరుకు దించుకునేవారు, పరీక్షకు పంపేవారు, బిల్లు చెల్లించేవారు. ఈ గొలుసులో ఏ ఒక్క లంకె వదులైనా దాని ఫలితం చివరికి మంచం మీద ఉన్న మనిషికే తగులుతుంది.

ఇంటి సరుకుల చిట్టా, ఆసుపత్రి ఇండెంటు

నెల మొదట్లో ఇంట్లో సరుకుల చిట్టా రాయడం అందరికీ తెలిసిన పనే. డబ్బాల్లో ఏం మిగిలిందో చూస్తాం. పండగ ఉందా, చుట్టాలు వస్తున్నారా అని లెక్కేస్తాం. ఏ కొట్లో కందిపప్పు బాగుంటుందో మనకు తెలుసు. తెచ్చాక సంచి విప్పి పురుగుందేమో చూస్తాం. బాగాలేకపోతే మర్నాడే తిరిగి ఇచ్చేస్తాం. కొట్టు ఖాతా నెలాఖరుకు తీరుస్తాం.

పెద్ద సంస్థ చేసే కొనుగోలు కూడా ఇదే వరసలో నడుస్తుంది. కానీ ఒక ముఖ్యమైన తేడా ఉంది. ఇంట్లో ఈ పనులన్నీ ఒక్కరే చేస్తారు, ఎందుకంటే డబ్బు వారిదే, తినేదీ వారే. సంస్థలో డబ్బు ఒకరిది, వాడేది మరొకరు, కొనేది ఇంకొకరు. అందుకే కావాలని రాసిన మనిషి, కొన్న మనిషి, సరుకు దించుకున్న మనిషి, బిల్లు పాస్ చేసిన మనిషి వేర్వేరుగా ఉండాలన్నది కొనుగోలు శాస్త్రంలో మొదటి పాఠం. ఆర్డరు కాగితం, సరుకు అందిన రసీదు, కంపెనీ పంపిన బిల్లు... ఈ మూడింటిలో వివరాలు సరిపోలితేనే డబ్బు చెల్లించాలి. చదవడానికి గుమాస్తా పనిలా ఉంటుంది. నిజానికి ఆసుపత్రిలో రోగిని కాపాడే మొదటి గోడ ఇదే.

మొదటి మెట్టు ఇండెంటు. ఏ మందు ఎంత కావాలో ఆసుపత్రి రాసి పంపే కోరిక చీటీ. మన రెండు రాష్ట్రాల్లోనూ ప్రభుత్వాసుపత్రుల మందులను ప్రధానంగా వైద్య సేవలు, మౌలిక సదుపాయాల అభివృద్ధి సంస్థలు కొంటాయి. స్టాకు లెక్కలు 'ఈ-ఔషధి' సాఫ్ట్‌వేర్‌లో నమోదవుతాయి. ఇంతవరకు బాగానే ఉంది. చిక్కంతా లెక్క ఎలా కడతారన్న దగ్గరే వస్తుంది. సాధారణంగా నిరుడు ఎంత వాడారో చూసి ఈ ఏడాదికి రాస్తారు. నిరుడు ఒక ఇన్సులిన్ మూడు నెలల పాటు స్టాకు లేదనుకోండి. ఆ మూడు నెలలూ వాడకం సున్నా అని రికార్డవుతుంది. రోగులు బయట కొనుక్కున్న సంగతి ఆ రికార్డులో ఉండదు. ఫలితంగా ఈ ఏడాది ఇండెంటు కూడా తక్కువే వెళ్తుంది, మళ్లీ కొరత వస్తుంది. కొరతే కొరతను పెంచుతుంది. అందుకే ఫార్మసీ కిటికీ దగ్గర 'స్టాకు లేదు, బయట కొనుక్కోండి' అన్న మాటను ఎక్కడో ఒక చోట రాసి పెట్టాలి. ఇవ్వలేకపోయిన చీటీల లెక్క ఉన్నప్పుడే నిజమైన అవసరం తెలుస్తుంది.

రెండో మెట్టు ఏం కావాలో స్పష్టంగా రాయడం. 'పారాసిటమాల్' అని రాస్తే చాలదు. ఎన్ని మిల్లీగ్రాములు, భారతీయ ఔషధ ప్రమాణం ప్రకారం ఉండాలా, ఎలాంటి ప్యాకింగ్, గోదాముకు చేరే నాటికి గడువు ఇంకా ఎంత మిగిలి ఉండాలి, లేబుల్‌పై ఏం అచ్చు వేయాలి... ఇవన్నీ ముందే రాయాలి. రాయని షరతును తర్వాత అడగడం కుదరదు.

అందరికంటే తక్కువ కోట్ చేస్తే చాలా?

మూడో మెట్టు టెండరు. ప్రభుత్వ కార్యాలయాల్లో తరచూ వినిపించే మాట 'ఎల్1'. అర్హత ఉన్నవారిలో అందరికంటే తక్కువ ధర చెప్పినవారు. తక్కువ ధరకు కొంటారు కాబట్టే ప్రభుత్వ మందులు నాసిరకమని చాలామంది అనుకుంటారు. ఇది సగమే నిజం. టెండరులో రెండు కవర్లు ఉంటాయి. మొదటి కవరులో కంపెనీ సామర్థ్యం, తయారీ ప్రమాణాల ధ్రువపత్రం, ఎన్నేళ్లుగా ఆ మందు అమ్ముతోంది, టర్నోవరు ఎంత, గతంలో ఎక్కడైనా బ్లాక్‌లిస్టులో పడిందా అన్న వివరాలు ఉంటాయి. అది నెగ్గినవారి రెండో కవరునే, అంటే ధర కవరునే తెరవాలి. కాబట్టి అర్హుల్లో తక్కువ ధరకు కొనడంలో తప్పు లేదు. మొదటి కవరును మొక్కుబడిగా చూసినప్పుడే తక్కువ ధర ప్రమాదంగా మారుతుంది. తయారీ ఖర్చుకు కూడా చాలని ధర ఎవరైనా కోట్ చేస్తే సంతోషించే ముందు అది ఎలా సాధ్యమని అడగాల్సిన బాధ్యత కొనేవారిదే.

ఈ పాఠం మన దేశానికి కొత్తది కాదు. 1986లో ముంబయిలోని జేజే ఆసుపత్రిలో గ్లిజరిన్ ఇచ్చిన రోగుల్లో 14 మంది కిడ్నీలు పాడై చనిపోయారు. అందులో డైఇథిలీన్ గ్లైకాల్ అనే విషం కలిసి ఉంది. జస్టిస్ లెంటిన్ కమిషన్ విచారణలో పారిశ్రామిక అవసరాల గ్లిజరిన్ మందు పేరుతో ఆసుపత్రికి చేరిందని తేలింది. కొన్న కాగితాలన్నీ ఉన్నాయి. సరుకు అసలు ఎక్కడి నుంచి వచ్చిందన్న ప్రశ్నే లేదు.

దాదాపు నలభై ఏళ్ల తర్వాత, 2025 సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో మధ్యప్రదేశ్‌లోని ఛింద్వాడా ప్రాంతంలో 'కోల్డ్‌రిఫ్' దగ్గు మందు తాగి ఇరవై మందికి పైగా చిన్నారులు చనిపోయారు. మళ్లీ అదే విషం. పరీక్షించిన సిరప్‌లో అది 48.6 శాతం ఉంది. అనుమతించిన పరిమితి 0.1 శాతం. ఈ మందును ప్రభుత్వం టెండరు పెట్టి కొనలేదు. అయినా ఇదీ కొనుగోలు వైఫల్యమే. తప్పు తమిళనాడులోని కంపెనీ ముడి సరుకు కొన్న దగ్గరే మొదలైంది. సిరప్‌లో కలిపే ప్రొపిలీన్ గ్లైకాల్‌ను మందుల ప్రమాణానికి తగినది కాకుండా తెచ్చి, పరీక్షించకుండా కలిపినట్టు తనిఖీల్లో బయటపడింది. ఆ ఘటన తర్వాతే ప్రతి బ్యాచ్ ముడి సరుకును పరీక్షించాలని కేంద్ర ఔషధ నియంత్రణ సంస్థ రాష్ట్రాలకు గట్టిగా గుర్తు చేసింది. ఆ నిబంధన అప్పటికే పుస్తకంలో ఉంది.

గోదాములో సంచి విప్పేదెవరు?

నాలుగో మెట్టు సరుకు దించుకోవడం. నన్నడిగితే ఈ గొలుసు మొత్తంలో అన్నింటికన్నా ముఖ్యమైనది ఇదే, అన్నింటికన్నా తక్కువ గౌరవం దక్కేదీ ఇదే. టెండరు ఖరారు చేసే గదిలో ఐఏఎస్ అధికారులు కూర్చుంటారు. లారీ వచ్చి ఆగిన గోదాములో చాలాచోట్ల ఒక ఫార్మసిస్టు, ఇద్దరు కూలీలు మాత్రమే ఉంటారు.

దీన్ని సరిగ్గా చేసి చూపించిన రాష్ట్రం మన పక్కనే ఉంది. తమిళనాడు 1994లో ప్రత్యేకంగా ఒక వైద్య సేవల సంస్థను పెట్టింది. 1995 జనవరి నుంచి అది మందులు కొనడం మొదలుపెట్టింది. జిల్లాల్లో గోదాములు ఏర్పాటు చేసి కంపెనీలు నేరుగా అక్కడికే సరుకు పంపేలా చేసింది. వచ్చిన ప్రతి బ్యాచ్ నుంచి నమూనా తీస్తారు. కంపెనీ పేరు, బ్యాచ్ గుర్తు కనిపించకుండా చేసి, ఒక కోడ్ నంబరు వేసి ప్రయోగశాలకు పంపుతారు. ఎవరి మందును పరీక్షిస్తున్నారో ప్రయోగశాలకు తెలియదు. నివేదిక మంచిదని వచ్చాకే ఆసుపత్రులకు విడుదల చేస్తారు. ప్రతి ఆసుపత్రికి బ్యాంకు పాస్‌బుక్ లాంటి పుస్తకం ఉంటుంది. దానికి కేటాయించిన డబ్బు ఎంతో, తీసుకున్న మందుల విలువ ఎంతో అందులో రాస్తారు. పై నుంచి బలవంతంగా పంపిన పెట్టెలు కాకుండా తనకు కావాల్సినవే ఆసుపత్రి తీసుకుంటుంది. వాడకుండా పడి ఉండి గడువు తీరిపోయే మందులు ఇందువల్ల తగ్గుతాయి. కేరళ 2007లో, రాజస్థాన్ 2011లో ఇలాంటి సంస్థలనే పెట్టుకున్నాయి.

దించుకునే చోట పరీక్ష వదిలేస్తే ఏమవుతుందో మహారాష్ట్ర చూసింది. నాగ్‌పూర్ ప్రాంతంలోని ప్రభుత్వాసుపత్రులకు చేరిన కొన్ని యాంటీబయాటిక్ మాత్రల్లో మందే లేదని, టాల్కం పౌడరు, గంజి పిండి కలిపి చేసినవని దర్యాప్తులో తేలింది. పోలీసులు 2024 సెప్టెంబరులో చార్జిషీటు వేశారు. ఇలాంటి మాత్ర వేసుకున్న మనిషికి వెంటనే ఏమీ కాదు. జ్వరం తగ్గదు, ఇన్ఫెక్షన్ పెరుగుతుంది, డాక్టరు ఈ మందు పనిచేయడం లేదని ఇంకా పెద్ద యాంటీబయాటిక్‌కు మారుస్తారు. రోగి కోలుకోకపోతే జబ్బునే నిందిస్తాం. అందుకే నకిలీ మందు చేసే హాని అంత త్వరగా లెక్కకు రాదు.

బళ్లారి విషయంలో పరీక్ష జరగలేదని అనలేం. జరిగింది, ఆ నివేదికపై తగాదా వచ్చింది. ఒక ప్రయోగశాల బాగాలేదన్న కంపెనీ సరుకులో కొన్ని బ్యాచ్‌లను మరో ప్రయోగశాల బాగున్నాయంటే మిగతా సీసాలను ఏం చేయాలి? చట్టం కంపెనీకి సవాలు చేసే హక్కు ఇచ్చింది, అది న్యాయమే. కానీ కొన్నవారికి మరో కంపెనీ సరుకుకు మారే వీలు ఎప్పుడూ ఉండాలి. ఒకే సరఫరాదారుపై ఆధారపడితే అనుమానం ఉన్నా ఆ సీసానే వాడక తప్పని స్థితి వస్తుంది. నరంలోకి నేరుగా ఎక్కించే ద్రవాల విషయంలోనైనా ఇద్దరు సరఫరాదారులు ఉండాలన్న నియమం ఖర్చు అనిపించుకోదు.

బిల్లు ఆలస్యమైతే

ఐదో మెట్టు చెల్లింపు. ఇది లెక్కల శాఖ గొడవ, ఆరోగ్య పేజీలో దీనికేం పని అనిపించవచ్చు. ఒక్కసారి కొట్టు ఖాతాతో పోల్చి చూడండి. నెల నెలా బాకీ తీర్చే ఇంటికి కొట్టతను మంచి బియ్యం బస్తా తీసి పక్కన పెడతాడు. ఏడాది పాటు తిప్పించుకునే ఇంటికి ఏ బస్తా ఇస్తాడో మనకు తెలుసు. కంపెనీలూ అంతే. డబ్బు ఎప్పుడొస్తుందో తెలియని చోట పేరున్న కంపెనీ టెండరు వేయడం మానుకుంటుంది. మిగిలినవారు ఆలస్యానికి అయ్యే వడ్డీని ముందే ధరలో కలుపుతారు, లేదా నాణ్యతలో తగ్గిస్తారు. చిన్న పరిశ్రమల చట్టం ప్రకారం సరుకు తీసుకున్న 45 రోజుల్లోపు డబ్బు చెల్లించాలి. ఆ గడువు దాటితే వడ్డీ కట్టాలి. ప్రభుత్వ కొనుగోళ్లలో ఈ గడువును పాటించడం కంటే దాటడమే ఎక్కువగా వినిపిస్తుంది.

ప్రభుత్వం కొనేది మందులనే కాదు. వైద్య సేవలనూ కొంటుంది. ఉమ్మడి రాష్ట్రంలో 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ అచ్చంగా ఒక కొనుగోలు ఒప్పందమే. ఇంత ధరకు ఈ ఆపరేషన్ చేయండి, డబ్బు మేం ఇస్తాం అని ప్రభుత్వం ప్రైవేటు ఆసుపత్రులతో కుదుర్చుకుంది. 2025 సెప్టెంబరులో తెలంగాణలో, అక్టోబరులో ఆంధ్రప్రదేశ్‌లో నెట్‌వర్క్ ఆసుపత్రులు బకాయిలు చెల్లించలేదంటూ సేవలు ఆపేశాయి. కార్డు చేతిలో ఉన్నా బైపాస్ తేదీ వాయిదా పడిన కుటుంబానికి ఆ నెలల్లో తెలిసొచ్చింది ఏమిటంటే, బిల్లు పాస్ కావడం కూడా వైద్యంలో భాగమే అని. ఈ తగాదాలో ఎవరి లెక్క సరైనదన్నది వేరే చర్చ. బకాయి పేరుకుపోయేదాకా రెండు వైపులా ఎందుకు చూస్తూ ఉన్నాయన్నదే అడగాల్సిన ప్రశ్న.

ప్రైవేటు ఆసుపత్రిలో లెక్క తలకిందులు

ఇంతవరకు చెప్పిందంతా చదివి ప్రైవేటు ఆసుపత్రికి వెళ్తే ఈ బాధలు ఉండవనుకుంటే పొరపాటు. అక్కడ కొనుగోలు చాలా చురుగ్గా సాగుతుంది. దాని ఫలం ఎవరికి దక్కుతుందన్నదే సమస్య.

2018 ఫిబ్రవరిలో జాతీయ ఔషధ ధరల సంస్థ ఢిల్లీ, దాని పరిసరాల్లోని నాలుగు ప్రైవేటు ఆసుపత్రుల బిల్లులను పరిశీలించింది. కొన్ని వస్తువులపై లాభం 1,737 శాతం దాకా ఉంది. సెలైన్ గొట్టాలను కలిపే 'త్రీవే స్టాప్‌కాక్' అనే చిన్న ప్లాస్టిక్ భాగాన్ని రూ.5.77కు కొని రూ.106కు బిల్లు వేశారు. ఇందులో గమనించాల్సింది ఒకటుంది. ఎంఆర్‌పీ కంటే ఒక్క రూపాయి ఎక్కువ తీసుకోలేదు. పెద్ద ఎత్తున కొనే ఆసుపత్రులు ఎక్కువ ఎంఆర్‌పీ అచ్చు వేయించుకుంటున్నాయని ఆ సంస్థే చెప్పింది. మామూలు బజారులో అమ్మకందారులు ధర తగ్గించి పోటీ పడతారు. ఇక్కడ కొనేది ఆసుపత్రి, కట్టేది రోగి. కాబట్టి ఆసుపత్రికి ఎక్కువ లాభం మిగిల్చేలా కంపెనీలు ఎంఆర్‌పీ పెంచి పోటీ పడతాయి. పోటీ పెరిగేకొద్దీ ధర పెరిగే విచిత్రమైన బజారు ఇది.

గుండె స్టెంట్లతో ఇది రుజువైంది. 2017 ఫిబ్రవరిలో ధర పరిమితి పెట్టకముందు మందు పూసిన స్టెంట్ సగటు ఎంఆర్‌పీ రూ.1.21 లక్షలు. పరిమితి రూ.29,600. మామూలు లోహపు స్టెంట్‌కు సగటున రూ.45,000 ఉన్నది రూ.7,260కి దిగింది. అదే వస్తువు, అదే ఆపరేషన్. మధ్యలో ఉన్న కొనుగోలు లాభమే కరిగిపోయింది.

ఆసుపత్రి లోపలి మందుల షాపులోనే కొనాలని రోగులను బలవంతం చేస్తున్నారన్న కేసుపై 2025 మార్చి 4న సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. సమస్య ఉందని ఒప్పుకొంటూనే, దేశమంతటికీ ఒకే ఆదేశం ఇవ్వకుండా తగిన విధానం రూపొందించుకునే పనిని రాష్ట్రాలకు వదిలింది. అంటే బంతి ఇప్పుడు హైదరాబాద్‌లోనూ, అమరావతిలోనూ ఉంది. వైద్యం రాష్ట్రాల పరిధిలోని అంశం కాబట్టి తీర్పులో తప్పుపట్టడానికి లేదు. ఆ విధానాన్ని ఎవరు అడుగుతారన్నదే మిగిలింది.

కలిసి కొంటే

క్యాన్సర్ మందుల విషయంలో ఒక మంచి కబురు ఉంది. ముంబయి టాటా మెమోరియల్ ఆధ్వర్యంలో నడిచే జాతీయ క్యాన్సర్ గ్రిడ్‌లో దేశంలోని అనేక క్యాన్సర్ ఆసుపత్రులు సభ్యులు. వాటిలో 23 కేంద్రాలు 40 మందులకు తమ అవసరాలన్నీ కలిపి ఒకే బేరం చేశాయి. విడివిడిగా కొన్నప్పటి ధరలతో పోలిస్తే 82 శాతం ఆదా అయింది. రూపాయల్లో అది దాదాపు రూ.1,320 కోట్లు. కంపెనీలు ఇందుకు ఎందుకు ఒప్పుకొన్నాయి? ఎంత సరుకు పోతుందో ముందే తెలుసు, ప్రతి ఆసుపత్రి చుట్టూ తిరిగే ప్రతినిధుల ఖర్చు తప్పింది. పెద్ద బేరంలో అమ్మేవారికీ లాభం ఉంటుంది. చిన్న నర్సింగ్‌హోములు కూడా ఊరి స్థాయిలో ఇలా కలిసి కొనుక్కోవచ్చు. ఆ ఆదా రోగి బిల్లులో కనిపించాలన్న షరతు మాత్రం ముందే పెట్టుకోవాలి.

ఇంటివాళ్లు చూడగలిగినవి

మంచం పక్కన కూర్చున్నవారు ప్రయోగశాల నడపలేరు. కానీ కొన్ని పనులు చేతిలోనే ఉన్నాయి. ఎక్కించే ముందే సీసాను వెలుతురులో ఒకసారి చూడండి. ద్రవం మసకగా ఉన్నా, లోపల పోగులు తేలుతున్నా, అడుగున తడి కారుతున్నా నర్సుకు చెప్పండి. మంచి నర్సులు కోప్పడరు, వారే ముందు చూస్తారు. తయారీదారు పేరు, బ్యాచ్ నంబరు, గడువు తేదీ కనిపించేలా ఫోనులో ఫొటో తీసి పెట్టుకోండి. ఏదైనా తేడా జరిగితే సీసా చెత్తబుట్టలోకి వెళ్లిపోతుంది, మిగిలే సాక్ష్యం ఆ ఫొటో ఒక్కటే. మందు వల్ల హాని జరిగిందనిపిస్తే డాక్టరుతో పాటు మీరూ ఫిర్యాదు చేయవచ్చు. దేశవ్యాప్త మందుల భద్రతా కార్యక్రమం ఉచిత ఫోను నంబరు 1800-180-3024. నాసిరకమని తేలిన బ్యాచ్‌ల జాబితాను కేంద్ర ఔషధ నియంత్రణ సంస్థ నెల నెలా తన వెబ్‌సైట్‌లో పెడుతుంది. ఎక్కువగా అమ్ముడుపోయే 300 బ్రాండ్ల ప్యాకింగ్‌పై 2023 ఆగస్టు నుంచి క్యూఆర్ కోడ్ తప్పనిసరి అయింది. ఫోనుతో చూస్తే బ్యాచ్ వివరాలు వస్తాయి.

ప్రైవేటు ఆసుపత్రి డిశ్చార్జి బిల్లులో 'మందులు, ఇతర సామగ్రి' అని ఒకే మొత్తం వేస్తే విడివిడి జాబితా అడగండి. ధర పరిమితి ఉన్న మందా కాదా అన్నది 'ఫార్మా సహీ దామ్' యాప్‌లో చూసుకోవచ్చు. పూర్తి జాబితా అడిగినప్పుడు వాడని గ్లౌజుల పెట్టెలు, వాపసు ఇచ్చిన ఇంజెక్షన్లు లెక్కలోంచి తీసేసిన సందర్భాలు మా బంధువర్గంలోనే రెండున్నాయి. ఆసుపత్రుల పేర్లు ఇక్కడ అనవసరం. రెండు చోట్లా బిల్లింగ్ కౌంటరు అమ్మాయి ఒక్క మాట ఎదురు చెప్పకుండా సవరించి ఇచ్చింది. అంటే ఏం జరుగుతోందో ఆమెకు తెలుసు.

ప్రభుత్వాసుపత్రిలో మందు లేదన్నప్పుడు ఆ మాటను చీటీపై రాసి ఇవ్వమనండి. సిబ్బందిపై కోపంతో కాదు. ఇండెంటు లెక్క సరిగ్గా ఉండటానికి ఆ కాగితమే పనికొస్తుంది. మన రెండు రాష్ట్రాల్లోనూ పెద్ద ఆసుపత్రులకు అభివృద్ధి సంఘాలు ఉన్నాయి, వాటి సమావేశాలకు ప్రజాప్రతినిధులు వస్తారు. అక్కడ సాధారణంగా చర్చకు వచ్చేవి రంగులు, కుర్చీలు, కొత్త బ్లాకు శంకుస్థాపన. ఈసారి మీకు తెలిసినవారు ఎవరైనా ఆ సంఘంలో ఉంటే మూడు విషయాలు అడగమనండి. గత మూడు నెలల్లో ఏ మందులు ఎన్ని రోజులు స్టాకు లేకుండా పోయాయి? నాసిరకమని తేలిన బ్యాచ్ సమాచారం ఆసుపత్రికి ఎన్ని రోజుల తర్వాత చేరింది, ఆలోగా ఎన్ని సీసాలు వాడేశారు? మందుల కంపెనీలకు బిల్లు పాస్ కావడానికి ఎన్నాళ్లు పడుతోంది? సమావేశంలో ఎవరి దగ్గరా జవాబు సిద్ధంగా లేకపోతే సమాచార హక్కు చట్టం కింద పది రూపాయల దరఖాస్తు పెట్టండి. ముప్పై రోజుల్లో రాతపూర్వకంగా చెప్పాల్సి ఉంటుంది.